బాత్రూంలో వినైల్ ప్లాంకులు వేయొచ్చా? మీ ఉత్తరాలకి జవాబులు

పోయిన సంచికలో హాలుకి, బెడ్‌రూంకి వినైల్ ప్లాంకుల గురించి రాశాను. దాని మీద వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమంది అడిగింది ఒకటే, బాత్రూంలో వేయొచ్చా అని. అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ప్రశ్నకే ఇచ్చేస్తున్నాను. ఆ సంచిక చూడనివాళ్ల కోసం ఒక్క ముక్క చెప్తాను. ప్లాంక్ అంటే చెక్కలా కనిపించే పొడుగాటి పీవీసీ పలక. మామూలుగా 7 అంగుళాల వెడల్పు, 4 అడుగుల పొడవు, 4 నుంచి 6 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. అంచుల్లో ఉన్న లాక్‌తో ఒకదానికొకటి బిగుసుకుంటాయి, కింద జిగురు రాయరు. ఇప్పుడు షాపుల్లో ఎక్కువగా దొరికేది ఎస్‌పీసీ రకం, అంటే సున్నపురాయి పొడి, పీవీసీ కలిపి తయారుచేసిన గట్టి పలక.

"మేం న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం. 1970ల్లో కట్టిన చెక్క ఇల్లు. పై అంతస్తు బాత్రూం 5 అడుగులు, 8 అడుగులు. రెండు మూడు టైల్స్ పగిలాయి, సందులు నల్లబడి ఎంత రుద్దినా పోవట్లేదు. మా ఆయన తనే వినైల్ ప్లాంకులు వేస్తానంటున్నారు. రెండు నెలల్లో గుంటూరు నుంచి అత్తయ్య, మామయ్య వస్తున్నారు, వాళ్లకి బకెట్, మగ్గు లేకపోతే స్నానం చేసినట్టే ఉండదు. ధైర్యం చేసి వేసేయొచ్చా మేడమ్?" ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

వేసేయండమ్మా. ప్లాంకులు సరిగ్గా మీలాంటి బాత్రూంకే నప్పుతాయి. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఆ కారణం తెలిస్తే మీరు ఏం జాగ్రత్త పడాలో కూడా దానంతట అదే అర్థమవుతుంది.

మీ టైల్స్ ఎందుకు పగిలాయో చూడండి. మీ నేల కింద ఉన్నది కాంక్రీటు కాదు, చెక్క దూలాల మీద పరిచిన ప్లైవుడ్. మనిషి నడిచినప్పుడు అది కంటికి తెలియనంత కిందికి వంగి మళ్లీ లేస్తుంది. టైల్ వంగదు కాబట్టి ఏదో ఒక రోజు పగులుతుంది, లేకపోతే టైల్స్ సందులో నింపే సిమెంటు ముద్ద, అంటే గ్రౌట్ చిట్లుతుంది, ఆ చిట్లిన చోట తడి నిలిచి నల్లగా బూజు పడుతుంది. ప్లాంకులు కింద ఉన్నదానికి అతుక్కోకుండా విడిగా పడుకుంటాయి కాబట్టి ఆ కొద్దిపాటి కదలికని తట్టుకుంటాయి. బరువు కూడా తక్కువ, 5 మిల్లీమీటర్ల ఎస్‌పీసీ ప్లాంకు చదరపు మీటరుకి సుమారు 10 కిలోలే ఉంటుంది. టైల్, దాని జిగురు, కింద వేసే సిమెంటు బోర్డు కలిపితే దాదాపు దానికి మూడింతలు. పై అంతస్తు చెక్క నేలకి ఈ తేడా చిన్నదేం కాదు.

సందుల్లో గ్రౌట్ ఉండదు, కాబట్టి బ్రష్ పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని రుద్దే పని ఉండదు. జనవరి పొద్దున చెప్పుల్లేకుండా టైల్ మీద కాలు పెడితే చలి వెన్నులోకి పాకుతుంది, మీకు నేను చెప్పాలా! వినైల్ వెచ్చగా ఉండదు గానీ అంత చల్లగా కాలికి తగలదు. అత్తయ్యగారు, మామయ్యగారు రాత్రి రెండుసార్లు లేచే వయసువాళ్లయితే ఈ ఒక్క సుఖానికే వేసుకోవచ్చు. చేతిలోంచి చెంబు జారిపడినా టైల్ మీద పడ్డంత మోత కింది గదిలోకి వినపడదు.

మీవారు సొంతంగా చేసుకోగలరా అంటే, నిక్షేపంగా చేసుకోగలరు. టైల్ కోయడానికి మెషిన్ కావాలి, దుమ్ము లేస్తుంది. ప్లాంకుకి ఒక స్కేలు, ఒక కట్టర్ చాలు. గీత గీసినట్టు పైపొర మీద రెండు మూడుసార్లు గట్టిగా కట్టర్ లాగి, గీత దగ్గర మోకాలు ఆనించి వంచితే టక్కున విరుగుతుంది. కమోడ్ పైపు చుట్టూ గుండ్రంగా కోయడమే కాస్త ఓపిక పని. దానికి ముందు అట్టముక్క మీద కొలత కోసుకుని, అది సరిగ్గా కూర్చున్నాక ప్లాంకు మీద పెట్టి గీయమనండి.

సరుకు ఎంత కొనాలో చూద్దాం. 5 అడుగులు, 8 అడుగులు అంటే 40 చదరపు అడుగులని షాపులో లెక్క కడతారు. కానీ అందులో మీ టబ్బు 5 అడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు తీసుకుంటుంది, దాని కింద నేల వేయం కదా. మిగిలింది ఇరవై ఏడున్నర. కోతల్లో పోయేదానికి పది శాతం కలిపితే ముప్పైకి కాస్త పైన. ఒక్కో ప్లాంకు 2.33 చదరపు అడుగులు, అంటే 13 ప్లాంకులు. మొదటిసారి చేస్తున్నారు కాబట్టి ఇంకో రెండు ఎక్కువే ఉంచుకోండి. తర్వాత ఎప్పుడైనా ఒకటి పాడైతే అదే రంగు దొరకడం కష్టం, మిగిలినవి అటక మీద పడేసి ఉంచండి.

ఇప్పుడు జాగ్రత్తలు. మొదటిది అన్నిటికన్నా ముఖ్యం. మీ ఇల్లు 1970ల నాటిది. టైల్స్ తీస్తున్నప్పుడు వాటి కింద 9 అంగుళాల చదరపు పాత వినైల్ ముక్కలు గానీ, నల్లటి తారులాంటి జిగురు గానీ కనిపిస్తే పని అక్కడే ఆపేయండి. 1980కి ముందు అమెరికాలో వేసిన అలాంటి నేలల్లో ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఉంది, అది పీలిస్తే ఊపిరితిత్తులకి ప్రమాదమైన పీచు. దాన్ని గోకొద్దు, రుద్దొద్దు, ఊడ్చొద్దు, చిన్న ముక్క ల్యాబ్‌లో పరీక్ష చేయించి ఫలితం వచ్చాకే మళ్లీ చెయ్యి పెట్టండి. ఇంట్లో పిల్లలుంటే ఇంకా జాగ్రత్త.

రెండోది కమోడ్. దాని చుట్టూ కోసి సరిపెట్టేద్దాం అనిపిస్తుంది, అలా చేయొద్దు. కమోడ్ విప్పి పక్కన పెట్టి, కింద ప్లైవుడ్‌ని స్క్రూడ్రైవర్‌తో అక్కడక్కడా పొడిచి చూడండి. మెత్తగా దిగబడితే అది కుళ్లింది, ఆ ముక్క మార్చకుండా పైన ఎంత ఖరీదైన నేల వేసినా వృథా. మళ్లీ కమోడ్ బిగించేటప్పుడు పైపు నోటి దగ్గరి ఫ్లాంజ్, అంటే కమోడ్‌ని బోల్టులతో బిగించే చక్రం, కొత్త నేల పైకి వచ్చేలా చూసుకోండి, కిందికి ఉండిపోతే దాని మీద వేసే రింగు దొరుకుతుంది, అది వేయించండి. కమోడ్‌కీ పైపుకీ మధ్య లీకు కాకుండా పెట్టే మైనపు రింగు కొత్తది వాడండి, పాతది మళ్లీ పెట్టొద్దు.

మూడోది, గోడల దగ్గర, టబ్బు దగ్గర పావు అంగుళం సందు వదలాలి. నేల కాస్త సాగుతుంది, ముడుచుకుంటుంది, చోటు లేకపోతే మధ్యలో పైకి లేస్తుంది. ఆ సందుని టబ్బు పొడవునా, కమోడ్ చుట్టూ సిలికాన్‌తో మూసేయండి. నీళ్లు కిందికి దిగే దారి అదే.

ఇక బకెట్ సంగతి. మీ బాత్రూం నేలలో నీళ్లు పోయే తూము లేదు కదా. మన దగ్గర నేల మీద కూర్చుని నాలుగు చెంబులు పోసుకుంటే ట్రాప్‌లోకి వెళ్లిపోతాయి, అక్కడ పోసిన నీళ్లకి వెళ్లే దారే లేదు. బకెట్ టబ్బులోనే పెట్టండి, చిన్న ప్లాస్టిక్ స్టూలు వేయండి, కర్టెన్ అడుగుభాగం టబ్బు లోపలికి ఉండాలని రాగానే అత్తయ్యగారికి చెప్పండి, ఆవిడేం అనుకోరు. టబ్బు అంచు దాటడం ఆ వయసులో కష్టం, పట్టుకోవడానికి గోడకి ఒక రాడ్ బిగించండి. బయట నేల మీద పడిన నీళ్లు వెంటనే ఒక తువ్వాలుతో తుడిచేస్తే చాలు. ఒక్క మాట, అడుగున రబ్బరు ఉన్న బాత్‌మ్యాట్ వేయొద్దు. రబ్బరులో ఉండే రసాయనం వినైల్‌కి అంటుకుని పసుపు మరక పడుతుంది, ఆ మరక దేనికీ పోదు. ఉతుక్కునే నూలు పట్ట వేయండి.

"మియాపూర్‌లో కొత్త ఫ్లాట్ తీసుకున్నాం. ఇంటీరియర్ చేసే అబ్బాయి మూడు బాత్రూంలలోనూ ఎస్‌పీసీ ప్లాంకులు వేద్దామంటున్నాడు. షాపుకి తీసుకెళ్తే వాళ్లు ఒక ప్లాంకు బకెట్ నీళ్లలో ముంచి చూపించారు, వారం నుంచి అందులోనే ఉందట, చెక్కుచెదరలేదు. 100 శాతం వాటర్‌ప్రూఫ్ అని రాసి కూడా ఇస్తామంటున్నారు. మావారికి బాగా నచ్చింది. నాకే ఎందుకో మనసొప్పట్లేదు." ఒక పాఠకురాలు, హైదరాబాద్

మీ మనసు చెప్పిందే నిజం. షాపువాళ్లు చూపించిందీ అబద్ధం కాదు. ప్లాంకు నీళ్లలో ఎన్నాళ్లున్నా ఉబ్బదు, కుళ్లదు, చెద పట్టదు. కానీ మీరు వేసుకునేది ఒక్క ప్లాంకు కాదు, ఎన్నో ప్లాంకులు కలిసిన నేల. రెండు ప్లాంకుల మధ్య లాక్ ఉంటుంది, గోడ దగ్గర సందు ఉంటుంది, ట్రాప్ చుట్టూ కోత ఉంటుంది. వాటర్‌ప్రూఫ్ అని డబ్బా మీద రాసింది ప్లాంకు గురించే. దాని కిందికి వెళ్లిన నీళ్లు ఏమవుతాయో అందులో రాయరు. వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో రాసింది పూర్తిగా చదవండి, షవర్ కింద వేయకూడదని చాలా కంపెనీలు వాళ్లే రాస్తాయి.

ఇది నేను చూసి చెప్తున్నాను. కొన్నేళ్ల కిందట మా దగ్గరి బంధువుల ఫ్లాట్‌లో ఇలాగే బాత్రూం మొత్తం వేశారు. నన్ను అడిగితే నేనూ సరే అన్నాను, ఆ మాట అన్నందుకు ఇప్పటికీ బాధపడతాను. మొదటి నాలుగు నెలలు చూడముచ్చటగా ఉంది. తర్వాత తడి గోనెసంచి వాసన మొదలైంది. ఫినాయిల్ పోస్తే ఒక పూట పోయి మళ్లీ వచ్చేది. ఒకరోజు నేను గీజరు కింద నిలబడి కాలితో నొక్కి చూస్తే చిత్ చిత్ మని చప్పుడు, రెండు ప్లాంకుల సందులోంచి సన్నటి గీతలాగా సబ్బు నురగ పైకి వచ్చింది. మర్నాడు మేస్త్రీని పిలిచి విప్పించాం. ప్లాంకుల కింద మెత్తగా ఉండటానికి పరిచిన ఫోము నల్లగా నాని ముద్దయిపోయింది, బూడిదరంగు జిగట, వెంట్రుకలు, దాని అడుగున అరంగుళం మేర నీళ్లు నిలిచిపోయాయి. ప్లాంకులు మాత్రం కుళాయి కింద కడిగితే నిన్న కొన్నట్టు మెరిశాయి, ఒక్కదానికీ మచ్చ పడలేదు! నేల వాటర్‌ప్రూఫ్ కాబట్టి పై నుంచి ఆవిరై పోయే దారి కూడా లేక లోపలి నీళ్లు లోపలే ఉండిపోయాయి.

ఇంకో చిక్కు వాటం. మన బాత్రూంలో మేస్త్రీ నాలుగు వైపుల నుంచీ నహానీ ట్రాప్ వైపు వాటం ఇస్తాడు, నేల గిన్నెలాగా దిగుతుంది. ఆ ఒంపు మీద నాలుగడుగుల గట్టి పలక పడుకోదు. కొసలు లేస్తాయి లేదా మధ్యలో డొల్లగా ఉంటుంది, మనిషి తొక్కినప్పుడల్లా లాక్ మీద బరువు పడి చివరికి విరుగుతుంది. వేసేవాళ్లు దీనికి విరుగుడుగా వాటం పూడ్చేసి నేల చదును చేస్తామంటారు. ఒప్పుకోకండి. మూడు మీటర్ల పొడవులో 5 మిల్లీమీటర్లకి మించి ఎత్తుపల్లాలు ఉండకూడదని ప్లాంకుల కంపెనీలు అడిగే మాట నిజమే గానీ, స్నానం చేసే చోట వాటం తీసేస్తే నీళ్లు గడప దాటి మీ బెడ్‌రూంలోకి వస్తాయి.

మరి అసలు వద్దా అంటే, అలా కాదు. మీ ఫ్లాట్‌లో మాస్టర్ బెడ్‌రూం బాత్రూం పెద్దదై, షవర్ వైపు నేల దాకా గాజు తలుపు, దాని కింద అంగుళం ఎత్తు కట్ట ఉంటే, ఇవతల వాష్‌బేసిన్ ఉన్న పొడి భాగంలో ప్లాంకులు బాగుంటాయి. కాలికి హాయి, చూపుకి అందం, గ్రౌట్ బాధ లేదు. కానీ రెండు విషయాలు నిజాయితీగా మీకు మీరే చెప్పుకోండి. కమోడ్ పక్కన హ్యాండ్ ఫాసెట్ ఉంటుంది కదా, దాంట్లోంచి నీళ్లు పడకుండా ఉంటాయా? మీ ఇంట్లో పని చేసే అమ్మ బాత్రూం తడిగుడ్డతో తుడుస్తుందా, రెండు బకెట్లు గుమ్మరించి చీపురుతో కడుగుతుందా? కడిగే ఇల్లయితే పొడి భాగం అన్న మాటే ఉండదు, రోజుకోసారి అది తడి భాగమే. అలాంటప్పుడు చెక్క డిజైన్ ఉన్న గరుకు టైల్స్ వేయించండి, 8 అంగుళాలు, 48 అంగుళాల సైజులో దొరుకుతాయి. స్నానం చేసే భాగంలో మాత్రం చిన్న టైల్ వేస్తేనే వాటం కుదురుతుంది. సందులకి ఎపాక్సీ గ్రౌట్ పెట్టించండి, ఖర్చు ఎక్కువైనా నల్లబడదు. మీకు నచ్చిన ఆ చెక్క రూపం దక్కుతుంది, కింద స్లాబుకి వేసిన వాటర్‌ప్రూఫింగ్ కూడా చెక్కుచెదరదు.

ఆ అబ్బాయి మిగతా గదుల్లో వేస్తానంటే నిశ్చింతగా వేయించుకోండి.

"మా అమ్మకి 71 ఏళ్లు. రెండు నెలల కిందట బాత్రూంలో జారి పడింది, దేవుడి దయ వల్ల మణికట్టుతో పోయింది. నున్నటి పాత టైల్స్, ఇరవై ఏళ్ల నాటివి. వాటిని పగలగొట్టకుండా పైన వినైల్ వేస్తే జారదని, పడినా దెబ్బ తగలదని ఎవరో చెప్పారు. ఆవిడ ఉన్న ఇంట్లో దుమ్ము, చప్పుడు పెట్టలేం. త్వరగా చెప్పగలరు." ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

అమ్మగారు కోలుకుంటున్నారని అనుకుంటున్నాను. మీ ఉత్తరం చదివాక మొదట మీకే రాయాలనిపించింది.

ఆవిడ స్నానం చేసే చోట ప్లాంకులు వద్దండీ. వినైల్ టైల్ కన్నా కాస్త మెత్తన, నిజమే, కానీ అయిదు మిల్లీమీటర్ల గట్టి ఎస్‌పీసీ మీద పడితే ఎముక విరగకుండా అది ఆపలేదు. తడిసి సబ్బు పడితే ప్లాంకూ జారుతుంది. మన స్నానం సంగతి మీకు తెలుసు, నువ్వుల నూనె, కుంకుడు రసం, సున్నిపిండి, అన్నీ నేల మీదే. ఆ నూనె పొర మీద చెక్క గీతల్లాంటి పైపై గరుకు ఏమాత్రం పట్టు ఇవ్వదు.

పగలగొట్టకుండా చేయాలంటే దారి ఉంది. పాత టైల్ గట్టిగా ఉంటే (నాణెంతో తట్టి చూడండి, డొల్ల చప్పుడు రాకూడదు) దాని మీదే టైల్ మీద టైల్ వేసే జిగురుతో కొత్త యాంటీస్కిడ్ టైల్ వేయొచ్చు. ఒకటిన్నర రోజు పని. నేల అర అంగుళం దాకా లేస్తుంది, తలుపు అడుగు కోయాలి, ట్రాప్ జాలీ పైకి తేవాలి, వాటం మాత్రం పాతదే కొనసాగాలి. కొనేటప్పుడు ఆర్ 10 లేదా ఆర్ 11 అని రాసి ఉన్నది అడగండి, పట్టుకి అది గుర్తు, అంకె పెరిగేకొద్దీ పట్టు ఎక్కువ. పెద్ద టైల్ కన్నా 12 అంగుళాలది గానీ అంతకన్నా చిన్నది గానీ మేలు, సందులు ఎక్కువ ఉంటే కాలికి అవే ఆనుతాయి.

వినైల్‌తోనే చేయాలంటే ప్లాంకులు కాకుండా ఇంకో రకం ఉంది. రైలు పెట్టెలో మీ కాళ్ల కింద ఉండేది పీవీసీ షీటే. ఆసుపత్రి వార్డుల్లో నేలా గోడా కలిసే మూల లేకుండా గుండ్రంగా పైకి తిరిగే షీటు చూసి ఉంటారు, అదీ వినైలే. అందులో ఇసుక గరుకు కలిపిన రకాన్ని విదేశాల్లో వృద్ధుల స్నానాల గదుల్లో వేస్తారు. షీటు వంగుతుంది కాబట్టి వాటం మీద పడుకుంటుంది, జిగురుతో నేలకి అంటిస్తారు, అతుకులు వేడితో కరిగించి మూసేస్తారు, కాబట్టి నీళ్లు కిందికి దిగవు. కానీ దాన్ని అతికే పని తెలిసినవాళ్లే చేయాలి. ఆసుపత్రులకి వేసే పనివాళ్లు మీ ఊళ్లో దొరికితేనే దానికి వెళ్లండి, కార్పెట్ షాపులో మీటర్ల లెక్కన అమ్మే పల్చటి షీటు తెచ్చి పరచడం దీనికి సాటి రాదు.

ఇవన్నీ అయ్యేలోపు రేపే చేయాల్సినవి చెప్తాను. కమోడ్ పక్కన ఒకటి, స్నానం చేసే చోట ఒకటి స్టీల్ రాడ్డు గోడలోకి బోల్టులతో బిగించండి, నేల నుంచి 33 నుంచి 36 అంగుళాల ఎత్తులో. గాలితో అతుక్కునే రబ్బరు కప్పుల రాడ్డు మాత్రం తేకండి, సరిగ్గా బరువు వేసిన రోజే అది ఊడుతుంది. రబ్బరు కాళ్ల స్టూలు మీద కూర్చుని స్నానం చేయించండి. రాత్రంతా వెలిగే చిన్న లైటు పెట్టండి. స్నానం అవగానే ఎవరో ఒకరు సబ్బు నీళ్లు పోసి కడిగి వైపర్‌తో లాగేయాలి, నూనె పొర ఆ పూటే పోవాలి.

ప్లాంకులు కావాలంటే ఆవిడ పడకగదిలోనూ, అక్కడి నుంచి బాత్రూం గడప దాకానూ వేయించండి. ఆ దారిలో చలి తగలదు, పాత టైల్స్ మీదే ఒక్కరోజులో అయిపోతుంది, దుమ్ము లేవదు. గడప దగ్గర మెట్టులా ఎత్తు రాకుండా ఏటవాలు పట్టీ పెట్టమని చెప్పండి, కాలు తట్టుకునేది అక్కడే.

"మాది నల్గొండ. బోరు నీళ్లతో బాత్రూం నేలంతా తెల్లగా సున్నం కట్టేస్తుంది. నెలకోసారి యాసిడ్ పోస్తాం. ప్లాంకులు వేస్తే యాసిడ్ తట్టుకుంటాయా?"

పోయకండి. ఎస్‌పీసీలో ఎక్కువ భాగం సున్నపురాయి పొడే. యాసిడ్ సున్నపురాయిని తింటుంది, బాత్రూంలో తెల్లపొర మీద పోయగానే బుసబుసా పొంగేది అందుకే. పైపొర కొంత కాపాడుతుంది గానీ కోసిన అంచుల్లో, సందుల్లో ఆ కాపు ఉండదు. మీ టైల్స్‌కి కూడా యాసిడ్ మంచిది కాదు, సందుల్లో సిమెంటుని ప్రతి నెలా కొంచెం కొంచెంగా తినేస్తోంది, తర్వాత చెమ్మ కింది గది సీలింగ్‌లో కనిపిస్తుంది. రోజూ స్నానం తర్వాత వైపర్‌తో నీళ్లు లాగేస్తే సున్నం కట్టేంత నీళ్లు అక్కడ మిగలవు, ఇదే అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. కట్టినదానికి సగం నీళ్లు కలిపిన వెనిగర్ గుడ్డతో పది నిమిషాలు వేసి ఉంచి తుడవండి. యాసిడ్‌లో బ్లీచింగ్ పౌడర్ మాత్రం ఎప్పుడూ కలపొద్దు, క్లోరిన్ గ్యాస్ వస్తుంది, తలుపు మూసిన చిన్న గదిలో అది ప్రాణం మీదికి తెస్తుంది.

"ప్లాస్టిక్ నేల కదా, చంటిపిల్ల పాకే ఇంట్లో మంచిదేనా? కొత్తగా వచ్చిన వస్తువు మీద నమ్మకం కుదరట్లేదు." ఒక తల్లి, నిజామాబాద్

కొత్తది కాదమ్మా. గట్టి పీవీసీని మెత్తబరిచే పద్ధతిని అమెరికాలో వాల్డో సెమన్ అనే రసాయన శాస్త్రవేత్త 1926లో కనిపెట్టాడు, 1933లో షికాగో ప్రదర్శనలో వినైల్ టైల్స్ జనానికి చూపించారు. లాక్‌తో బిగుసుకునే ప్లాంకులే తర్వాతి తరానివి. మీ భయంలో అర్థముంది. మెత్తబరచడానికి వాడే థాలేట్లు అనే రసాయనాల మీద ఎప్పటినుంచో అభ్యంతరాలు ఉన్నాయి, 2015లో అమెరికాలోని పెద్ద హార్డ్‌వేర్ దుకాణాలు వాటితో చేసిన నేలలు అమ్మడం మానేస్తామని ప్రకటించాయి కూడా. కొనేటప్పుడు థాలేట్లు లేనిది కావాలని అడగండి, డబ్బా మీద ఫ్లోర్‌స్కోర్ గుర్తు ఉందేమో చూడండి, అది గదిలోకి వదిలే ఆవిర్లు హద్దులో ఉన్నాయని పరీక్షించి ఇచ్చేది. డబ్బా తెరవగానే ఘాటుగా ముక్కుకి తగిలితే వెనక్కి ఇచ్చేయండి. వేసిన మొదటి కొన్ని రోజులు కిటికీలు తీసి ఉంచండి, పాపని అమ్మమ్మగారింట్లో పెట్టుకోండి.

"వైజాగ్‌లో ఉంటాం, 4 మిల్లీమీటర్లదీ 6 మిల్లీమీటర్లదీ ధరలో చాలా తేడా ఉంది. మందం ఎక్కువదే మన్నుతుందా?"

మొత్తం మందం కన్నా పైపొర మందం చూడండి. నడకకి అరిగేది అదొక్కటే. 0.3 మిల్లీమీటర్ల పైపొర ఇంటి బెడ్‌రూంకి సరిపోతుంది, హాలుకి, పిల్లలు పరిగెత్తే చోటుకి, బాత్రూం పొడి భాగానికి 0.5 తీసుకోండి. 6 మిల్లీమీటర్లదై పైపొర 0.2 ఉంటే ధర మాత్రమే ఎక్కువ. మందం వల్ల లాక్ గట్టిగా ఉంటుంది, చప్పుడు తగ్గుతుంది, అంతవరకు లాభమే. కింద అంతస్తులో ఉంటే ముందు చెమ్మ చూసుకోండి. అడుగున్నర చదరపు ప్లాస్టిక్ షీటుని నేలకి నాలుగు వైపులా టేపుతో అంటించి ఒక రోజు వదిలేసి తీయండి, లోపల నీటి చుక్కలు కనిపిస్తే ఆ నేల మీద ఇప్పుడే ఏమీ వేయొద్దు.

"బెంగళూరులో అద్దె ఇంట్లో ఉంటున్నాం. వెనక జిగురు కాగితం ఉండే వినైల్ స్టిక్కర్లు బాత్రూం నేలకి అంటించి, ఖాళీ చేసేటప్పుడు తీసేయొచ్చా?"

వద్దు. తడి తగిలే చోట నెల తిరక్కుండానే మూలలు లేస్తాయి, లేచిన మూల కాలికి తగిలి పడిపోతారు, తీసేటప్పుడు జిగురు టైల్ మీదే ఉండిపోతుంది, ఓనరు దాని పేరు చెప్పి అడ్వాన్సు పట్టుకుంటారు. ఆ డబ్బుతో ఒక మంచి వైపర్, నీళ్లు కిందికి కారిపోయేలా కన్నాలున్న ప్లాస్టిక్ మ్యాటు కొనుక్కోండి. వెళ్లేటప్పుడు చుట్టి బండిలో పెట్టుకోవచ్చు.